పెట్టెలో వచ్చిన కోడిపిల్లలు

టనానా నది ఒడ్డు, అలాస్కా
1963 మే 10, శుక్రవారం

అక్కా,

నువ్వు పంపిన పెట్టె పోయిన శనివారం విమానంలో దిగింది. పైలట్ ఎమ్మెట్ దాన్ని పక్క సీట్లో పెట్టుకుని, మీద తన కోటు కప్పి తెచ్చాడు. దారి పొడుగునా అవి చేసిన గోలకి ఇంజను చప్పుడు కూడా వినపడలేదని కోతలు కోశాడు. మూత తీస్తే యాభైకి యాభై నాలుగు ఉన్నాయి. మూడు రోజుల ప్రయాణం చేసి అలిసిపోయి, పచ్చగా ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఆ పెట్టె అయోవా వాసన వేసింది అక్కా, మన కొట్టం వాసన. మా ఆయన ఆర్లో వచ్చి భుజం తట్టేదాకా నేను దాని ముందు మోకాళ్ళమీదే కూర్చుండిపోయాను.

ఆ సంతోషం ఆరు రోజులు కూడా నిలవలేదు. ఈ పొద్దుటికి ముప్ఫై మూడు చచ్చిపోయాయి. మాంసం కోళ్ళు నాజూకువని నువ్వు ముందే చెప్పావు కానీ మరీ ఇంతలా అనుకోలేదు. రోగమున్నట్టు కనపడవు. తూలుతూ నాలుగడుగులు వేస్తుంది పిల్ల, ఆగుతుంది, కళ్ళు మూసుకుంటుంది, అలాగే పక్కకి ఒరుగుతుంది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము చల్లగా ఉంటుంది.

ఇక్కడ ఇప్పుడు చీకటి సరిగా పడడం మానేసింది. పొద్దు వాలుతుంది కానీ వెలుతురు పోదు, గుమ్మంలో నిలబడిన చుట్టంలా అక్కడే ఉంటుంది. మంచు విరిగి నది కదులుతోంది. ఆ చప్పుడు వింటూ, పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడర్ పక్కన కూర్చుంటే, మేలుకుని ఉన్నానో కలగంటున్నానో నాకే తెలియడం లేదు. నిన్న చచ్చిన పిల్ల ఇవాళ లేచి తిరుగుతున్నట్టు అనిపించి రెండుసార్లు లెక్కపెట్టాను. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పు. నీకు తెలియనిది ఏముంది ఇందులో?

కళ్ళు మండుతున్నాయి, ఇక ఆపుతాను.
సిగ్నె


అయోవా
మే 19, ఆదివారం

సిగ్నె,

ఏడవకు. ముప్ఫై ఏళ్ళుగా నేను పాతిపెట్టిన కోడిపిల్లల్ని తలుచుకుని ఏడిస్తే మన మొక్కజొన్న చేను మునిగిపోయేది. ముందు నేను అడిగినవాటికి జవాబు చెప్పు.

బ్రూడర్ రేకు గొడుగు కింద వేడి ఎంత పెట్టావు? ఫారన్‌హీటులో తొంభై అయిదు డిగ్రీలు ఉండాలి, అదీ పిల్ల వీపు ఎత్తులో చూడాలి, గోడకి తగిలించిన థర్మామీటరు చూసి మురిసిపోతే కాదు. కింద ఏం పరిచావు? న్యూస్‌పేపరు పరిస్తే కాళ్ళు జారి చతికిలపడతాయి, చెక్కపొట్టు పొయ్యాలి. గొడుగు కింద గుంపుగా పోగుపడ్డాయా, దూరంగా పారిపోయి నోళ్ళు తెరిచాయా? పోగుపడితే చలి, పారిపోతే వేడి. కింద నుంచి గాలి కొడుతోందా? ఒకసారి నువ్వే చెంప ఆ పొట్టుమీద ఆనించి పడుకుని చూడు. అన్నిటికంటే ముఖ్యం, పెట్టెలోంచి తీయగానే ఒక్కోదాని ముక్కు నీళ్ళలో ముంచావా? మూడు రోజులు ఎండిపోయి వస్తాయి, వాటికి నీళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. ఈసారి ఒక్కోదానికి రెండేసి సార్లు ముంచు. తాగేదాకా వదలకు.

నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే, పాలు పొయ్యిమీద పెట్టి కిటికీ ముందు నిలబడేదానివి. పాలు పొంగి, మాడి, వాసనొచ్చినా నీకు తెలిసేది కాదు. అమ్మ పోయాక నిన్ను పెంచడం ఎంత పనో నాకు తెలుసు. కోడిపిల్లలకి తెలియదు పాపం.

రెండో పెట్టె జూన్ పన్నెండున పంపించమని, గుడ్లు పొదిగించే హాచరీలో చెప్పాను. ఇది నా కానుక, నువ్వేం పంపక్కర్లేదు. మేడమీద గదికి తెల్ల సున్నం వేయించాను. పెరట్లో పుల్లటి రుబార్బ్ కాడలు బాగా వచ్చాయి, తినేవాళ్ళు లేరు.

మరిది గారిని అడిగానని చెప్పు.
బోర్గిల్డ్


టనానా ఒడ్డు
మే 31, శుక్రవారం

బోర్గిల్డ్ అక్కయ్యకి,

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేడి తొంభై అయిదు, పిల్ల వీపు ఎత్తులోనే. కింద చెక్కపొట్టు, ఆర్లో స్వయంగా రంపం పట్టి చేసినది. గాలి లేదు. పొట్టుమీద చెంప ఆనించి పడుకున్నాను కూడా, అక్కడే గంటసేపు నిద్రపోయాను, నవ్వుకో. అవి పోగుపడ్డ మాట నిజం. వేడి సరిగానే ఉన్నా ఎందుకు పోగుపడతాయో నువ్వే చెప్పాలి. ముక్కులు ముంచావా అని అడుగుతావా? యాభై నాలుగూ నా చేత్తో ముంచాను. పాలు మాడ్చిన సిగ్నె కాదు నేను, నాకు ముప్ఫై మూడేళ్ళు.

మా నీళ్ళ సంగతి నీకు తెలియదు. నది నీళ్ళు బూడిదరంగు, గ్లాసులో పోస్తే అడుగున వేలెడు ఒండ్రు దిగుతుంది. మేం ఈ చోటు ఎంచుకున్నదే ఇంటి వెనక కొండలో ఊట ఉందని. ఈ నది పొడుగునా ఎవరింటికి ఎవరొచ్చినా ముందు అప్పుడే ముంచి తెచ్చిన ఊటనీళ్ళు ఇస్తారు. ఇంట్లో నిలవున్న నీళ్ళు ఇచ్చారో, ఆ మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కడు. అందుకని నేను కోడిపిల్లలకి కూడా అలాగే చేశాను. అంత దూరం నుంచి వచ్చాయి కదా పాపం అని, పెట్టె విప్పేముందు కొండెక్కి కొత్త నీళ్ళు తెచ్చాను. బకెట్లో మంచు ముక్కలు గలగలమంటుంటే మెల్లగా దిగొచ్చాను. రోజుకి నాలుగుసార్లు మార్చాను. ఏ హాచరీలోనూ అంత మంచి నీళ్ళు తాగి ఉండవు.

ఇంకో మాట. మొదటి పెట్టెలో చివరికి బతికినవి నాలుగే, అవీ ఎందుకో సన్నగా, పొడుగు కాళ్ళతో ఉన్నాయి. అవి మాంసం కోళ్ళు కావు, గుడ్డి దీపంలో చూసినా తెలుస్తుంది. పనికిరాని పిల్లల్ని కలిపి కట్టారన్నమాట. మిగతావి కూడా ఏరిపారేసినవేనేమో. నువ్వు దగ్గరుండి చూడలేదా?

నీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెబుతున్నాను. పోయిన ఏడాది వేటలో ఆర్లోకి ఒక్క దుప్పి కూడా దొరకలేదు. చలికాలమంతా చిక్కుడు గింజలు తిని గడిపాం. మొదటి పెట్టె పోయాక ఆయన బల్ల ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు, “ఈ ఏడు కూడా చలికాలానికి నిలవుంచే సీసాల్లోకి మన మాంసం ఎక్కలేదనుకో, నది గడ్డకట్టేముందు సెప్టెంబరు ఆఖరి పడవకి అయోవా వెళ్ళిపోదాం సిగ్నె. నా వల్ల కాదింక.” మాట అంటే మాటే, ఆయన సంగతి నీకు తెలుసు. నాకు వెళ్ళాలని లేదు. ఇక్కడ ఈ వెలుతురులో నేను మొదటిసారి నా ఇంట్లో ఉన్నట్టు ఉన్నాను. రెండో పెట్టె బతకాలి. అంతే నాకు కావలసింది.

నువ్వేమో గదికి సున్నం వేయించావు. మేం వచ్చేస్తామని నీకు అంత నమ్మకమా?

సిగ్నె


అయోవా
జూన్ 8, శనివారం

సిగ్నె,

ఆ నాలుగూ పెట్టెలో వెచ్చదనం కోసం హాచరీవాళ్ళు ఊరికే వేసే పుంజుపిల్లలు. గుడ్ల జాతివి, ఎవరికీ అక్కర్లేనివి. ఈ దేశంలో పెట్టె కొన్న ప్రతివాళ్ళకీ వేస్తారు. నీకు ఏరిపారేసినవి పంపేంత కసి నాకు నీమీద లేదు. ఆ యాభై పిల్లల్నీ ఒక్కోదాన్నీ కాళ్ళు పట్టి చూసి పెట్టెలో పెట్టింది నేనే.

గది సంగతికొస్తే, సున్నం ఏడేళ్ళకోసారి వేయించాలి. ఇది ఏడో ఏడు.

వేడి బాగుండి, పొట్టు బాగుండి, గాలి లేక, నీళ్ళు తాగి కూడా చస్తుంటే నాకు తోచేది ఒక్కటే. ఆ చోటు వాటికి పడదు. అందరికీ అన్ని చోట్లూ పడవు, అందులో సిగ్గుపడేదేం లేదు. రెండో పెట్టె బుధవారం బయలుదేరుతుంది. నేను చెప్పినట్టే చెయ్యి, ముక్కులు రెండేసి సార్లు ముంచు. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

బోర్గిల్డ్


టనానా ఒడ్డు
జూన్ 21, శుక్రవారం

మా బంగారు అక్కకి,

ముందు క్షమించమని అడుగుతున్నాను. తర్వాత జరిగింది చెబుతాను.

శనివారం పెట్టె వచ్చింది, దాంతోపాటు నీ కోపపు ఉత్తరం కూడా. నువ్వు చెప్పినట్టే ఒక్కోదాని ముక్కు రెండేసి సార్లు ముంచాను. ఆదివారం పొద్దుటికి ఆరు పోయాయి. సోమవారం ఇంకో తొమ్మిది. తాగుతాయి, వణుకుతాయి, గొడుగు కిందికి పోయి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, అడుగునున్నవి లేవవు. ఆర్లో చచ్చినవాటిని టోపీలో వేసుకుని కొండ వెనక్కి తీసుకెళ్ళి వస్తున్నాడు, అంతే. మంగళవారం సాయంత్రానికి పందొమ్మిది. నేను నాలుగు రోజులుగా బట్టలు మార్చుకోలేదు. సూర్యుడు కొండ అంచు వెంబడే దొర్లుతూ పోతున్నాడు, కిందికి దిగడు. గోడమీద నీడలు గుండ్రంగా తిరుగుతున్నాయి. పిల్లలు పడిపోతున్నాయో నేను పడిపోతున్నానో తెలియలేదు.

అప్పుడు రేడియో పెట్టాడు ఆర్లో. ఫోనుల్లేని మాలాంటివాళ్ళకి రోజూ సాయంత్రం కబుర్లు చదువుతారు కదా. ఫలానావాడికి కొడుకు పుట్టాడు, ఫలానావాడి పంటి డాక్టరు రానన్నాడు, ఇలాంటివి. వాటి మధ్యలో ఆ చదివేవాడు ఒకసారి ఆగి, గొంతు సవరించుకుని చదివాడు. “టనానా ఒడ్డున ఉన్న సిగ్నెకి, అయోవా నుంచి వాళ్ళ అక్క. కోడిపిల్లలకి ఊటనీళ్ళు పొయ్యకు. పసిబిడ్డకి స్నానం పోసేంత వెచ్చగా కాచి, కాస్త పంచదార కలిపి పొయ్యి. తప్పు నీది కాదు.”

నేను అలాగే నిలబడిపోయాను అక్కా. ఆర్లో అప్పటికే పొయ్యిమీద కెటిల్ పెట్టేశాడు. వేలు పెట్టి చూసి, చల్లార్చి, మళ్ళీ వేలు పెట్టి చూసి పోశాం. అవి తాగి, గొడుగు కింద విడివిడిగా, కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. చూసి అన్నీ పోయాయనుకున్నాను. నిద్రపోతున్నాయి, అంతే. కాళ్ళు చాపుకుని పడుకున్న కోడిపిల్లని నేను అంతకు ముందు చూడలేదు. బుధవారం అప్పటికే వాలిపోయిన ఒకటి పోయింది. ఆ తర్వాత ఒక్కటి కూడా పోలేదు. యాభై నాలుగులో ముప్ఫై నాలుగు మిగిలాయి.

నది పొడుగునా అందరూ విన్నారు. ఇవాళ పడవలో పోతున్న ముసలాయన ఒకడు ఒడ్డుకి దగ్గరగా వచ్చి, నీళ్ళు కాచావా అని అరిచి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరికీ తెలియని సంగతే అది. ఇక్కడ నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అంత మర్యాద అనుకుంటాం, చలికి చచ్చేవాళ్ళు కూడా ఉంటారని తట్టదు.

నిన్న ఆర్లో సీసాలు కడిగాడు. ఆగస్టులో కదా కావాలి అంటే, దుమ్ము పట్టాయి అన్నాడు. ఆఖరి పడవ మాట ఎత్తలేదు. ఇక ఎత్తడు.

నేనెంత మాట అన్నాను నిన్ను. గది గురించి, పిల్లల గురించి. నువ్వేమో అవన్నీ మనసులో పెట్టుకోకుండా, తట్టిన మరుక్షణం పరుగెత్తి టెలిగ్రాం కొట్టావు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే నాకేమీ మిగిలేది కాదు.

ముప్ఫై నాలుగు పిల్లల తరఫున, ఒక పిచ్చిదాని తరఫున,
సిగ్నె


అయోవా
జూన్ 30, ఆదివారం

సిగ్నె,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. రెండు రోజులుగా దాన్ని చదువుతున్నాను. ఒక్క వాక్యం మింగుడుపడడం లేదు.

నేను తట్టిన మరుక్షణం పరుగెత్తలేదు.

ఊటనీళ్ళ గురించి నువ్వు రాసిన ఉత్తరం మొదటిసారి కోపంగా చదివాను, నీ తిట్లు తప్ప ఏవీ కనపడలేదు. పెట్టె నీ దగ్గరికి చేరే శనివారం, పదిహేనో తారీఖున, మధ్యాహ్నం మళ్ళీ తీశాను. బకెట్లో మంచు ముక్కలు గలగలమన్నాయని ఉంది చూడు, అక్కడ ఆగిపోయాను. అంతా ఒక్కసారి అర్థమైంది. మన కొట్టం ముందు తొట్టి ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడగాలని ముప్ఫై ఏళ్ళలో నాకు తట్టలేదు. పైగా రెండేసి సార్లు ముంచమని రాసింది నేనే. నా మాట విన్నావు కాబట్టే అవి ఎక్కువ చచ్చాయి.

మీ రేడియోకి టెలిగ్రాంతో కబురు పంపొచ్చని నీ పాత ఉత్తరంలోనే రాశావు. టెలిగ్రాఫ్ ఆఫీసు మన వీధి చివర. శనివారం సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. నేను టోపీ పెట్టుకున్నాను, గేటు దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను. ఇవి కూడా పోతే సెప్టెంబరులో సిగ్నె వచ్చేస్తుంది అనుకున్నాను. తెలిసే అనుకున్నాను. ఆ గది నీ కోసమే వేయించాను, ఏడేళ్ళ మాట అబద్ధం. నీకు ఆరేళ్ళున్నప్పుడు అమ్మ పోతే నిన్ను నా పక్కలో వేసుకున్నాను. నువ్వు పెళ్ళి చేసుకుని అంత దూరం పోయావు, నేను ఒక్క మాట అనలేదు. అనకపోతే బాధ లేదని నువ్వనుకున్నావు.

ఆదివారం చర్చిలో కూర్చున్నాను. సోమవారం బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను. మంగళవారం నా కొట్టానికి కొత్త పిల్లలు వచ్చాయి. ఒక్కోదాన్నీ ఎత్తి ముక్కు నీళ్ళలో ముంచుతున్నాను, గోరువెచ్చటి నీళ్ళలో. పదో పదకొండో పిల్ల దగ్గర నా చెయ్యి ఆడలేదు. పిల్లని చేతిలో పట్టుకునే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ గుమాస్తా, ఇదేమిటండీ అని అడిగితే టెలిగ్రాం ఫారం ఇమ్మన్నాను.

నీ పందొమ్మిది పిల్లలూ నేను చూస్తూ చంపినవే. మూడు రోజులు. నీకు చెప్పకుండా నీ పొగడ్త తీసుకోలేను, అందుకే రాస్తున్నాను. మరిదికి చెబుతావో చెప్పవో నీ ఇష్టం. ఇక ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

బోర్గిల్డ్


టనానా ఒడ్డు
జూలై 13, శనివారం

అక్కా,

నీ ఉత్తరం పోయిన శనివారం వచ్చింది. మీ అక్క ఏం రాసింది అని ఆర్లో అడిగాడు. కోళ్ళ గురించి అన్నాను. ఆయనకి అంతకంటే తెలియక్కర్లేదు.

నాకు కోపం వచ్చింది. లేదని రాస్తే నమ్మవు. కొండెక్కి ఊట పక్కన కూర్చుని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. శనివారం టోపీ పెట్టుకున్నదానివి ఇంకో వంద అడుగులు వెయ్యలేకపోయావా అని గట్టిగానే అడిగాను. ఏడిచాను కూడా. చచ్చిన పిల్లల కోసం కాదు. నువ్వు మూడు రోజులు ఒక్కదానివే ఆ ఇంట్లో ఉతికిన బట్టలు మళ్ళీ ఉతుక్కుంటూ తిరగడం నాకు కళ్ళకి కట్టినట్టు కనపడింది, దానికి.

నేనూ ఒకటి చెప్పాలి. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ సోమవారం, తొమ్మిది పోయిన రోజు, గోడకి జారగిలబడి కూర్చున్నాను. ఒక్క క్షణం అనిపించింది, పోనీ, అన్నీ పోనీ, అక్క దగ్గరికి వెళ్ళి చీకట్లో హాయిగా నిద్రపోవచ్చు కదా అని. అనుకుని, కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు. తెరిచేసరికి ఇంకో రెండు ఒరిగి ఉన్నాయి. కాబట్టి అవన్నీ నీ ఒక్కదాని లెక్కలోనే వేసుకోకు.

కానీ నేను రాను అక్కా. ఈ సెప్టెంబరులోనూ రాను, ఆ తర్వాతా రాను. చుట్టపుచూపుగా వస్తాను, ఉండడానికి కాదు. నీకు ఇది నా నోటితోనే చెప్పాలి, పడవలూ కోడిపిల్లలూ చెప్పకూడదు. నువ్వంటే ఇష్టం లేక కాదని నీకు తెలుసు. తెలియకపోతే ఇప్పుడు చెబుతున్నాను, అమ్మ ముఖం నాకు గుర్తులేదు, ఆ చోట ఎప్పుడూ నీ ముఖమే ఉంది.

కోళ్ళు ఇప్పుడు నా పిక్కల ఎత్తు. పరుగెత్తలేవు, బరువుకి తూలుతూ నా వెనకాలే వస్తాయి. మొదటి పెట్టెలో వచ్చిన పొడుగు కాళ్ళ పుంజు ఒకటి ఇంటి కప్పెక్కి, ఎప్పుడు తెల్లారుతుందో తెలియక గంటకోసారి కూస్తోంది.

ఈ ఉత్తరాన్ని వచ్చే శనివారం విమానం దాకా ఆపుదామనుకున్నాను. ఎదురుచూడడం ఎలా ఉంటుందో నీకు తెలియాలని. రాసి, మడిచి, డబ్బాలో కూడా పెట్టేశాను. ఇప్పుడే మళ్ళీ తీసి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఎమ్మెట్ విమానం చప్పుడు వినపడుతోంది, చెప్పులు వేసుకునే టైము కూడా లేదు. పరుగెత్తుకెళ్ళి ఇచ్చేస్తున్నాను.

సిగ్నె